చేతిపని: పెట్రోలు కారే గడ్డి మిషను



ఈ నెల వానకు ఉబ్బిన తలుపుల గురించి రాస్తానని చెప్పాను. దానిని వచ్చే నెలకు ఉంచి, ఈసారి నా తప్పు ఒకటి మీ ముందు పెడుతున్నాను. ఆ తప్పు వల్ల ఒక పెద్దాయన ప్రాణానికే ముప్పు వచ్చి తప్పిపోయింది. పెట్రోలుతో నడిచే పాత సామాను ఇంట్లో ఉన్నవారు, కొనాలనుకునేవారు దీనిని చివరిదాకా చదవాలని కోరుతున్నాను. "మా ఊళ్ళో గడ్డి మిషను ఎక్కడుంది?" అని పేజీ తిప్పేయకండి. పెళ్ళి పందిట్లో తిరిగే చిన్న జనరేటరు, బావి దగ్గరి పెట్రోలు పంపు, మీ గుమ్మం ముందున్న పాత మోటారు సైకిలు ఇవన్నీ ఆ మిషనుకు తోబుట్టువులే. అక్కడ పెట్రోలు కారే కారణాలు చాలావరకు ఇక్కడా కనబడతాయి.

మా సొంత ఊరు వికారాబాద్ వైపు. నేను ఉద్యోగరీత్యా హైదరాబాదు లక్డీకాపూల్‌లో ఉంటున్నాను. మా ఊరి గుడి ఆవరణ పెద్దది, వెనుక సమాధుల తోట ఉంది. తొలకరి పడిందంటే నెల తిరిగేసరికి గడ్డి మోకాలి పైకి వస్తుంది. నిరుడు ఆ గడ్డిలో రెండుసార్లు రక్తపింజర కనబడింది. ఆదివారం ఆరాధన కాగానే పిల్లలు పరుగెత్తేది అటే. కూలీలను పెడదామంటే నాట్ల రోజుల్లో దొరకరు. చివరికి స్త్రీల సమాజం వారు ఒక మాట మీదికి వచ్చారు. ఇంటింటా తీసిన పిడికెడు బియ్యం అమ్మగా రెండేళ్ళలో కూడిన డబ్బు వారి దగ్గర ఉంది. దానితో గడ్డి కోసే మిషను కొనమని నాకు అప్పగించారు. "నువ్వు పట్నంలో ఉంటావు, నీకు మిషన్ల సంగతి తెలుసు" అన్నారు. ఆ మాటకు నేను కొంచెం పొంగిపోయాననే చెప్పాలి.

కొత్తది కొనడానికి ఆ డబ్బు చాలదు. వెతుకుతుంటే మా వీధి చివరనే ఒకటి దొరికింది. లక్డీకాపూల్ అంటే కర్రల వంతెన అని అర్థం. ఇప్పుడు వంతెన పేరులోనే మిగిలింది. ఒకపక్క సైఫాబాదు, మరోపక్క రెడ్‌హిల్స్, ఏసీ గార్డ్స్. మెట్రో రైలు 2018లో వచ్చింది. ముందు పచ్చిక, వెనుక మామిడిచెట్టు ఉన్న పాత ఇళ్ళు ఈ చుట్టుపక్కల ఒక్కొక్కటే అపార్టుమెంట్లు అయిపోతున్నాయి. అటువంటి ఇంటి అమ్మగారు సామాను తీసివేస్తున్నారని తెలిసి వెళ్ళాను. గడ్డి మిషను గ్యారేజీలో గోనెపట్టా కప్పుకొని ఉంది. నాలుగు చక్రాలు, వెనుక పిడి, పైన ఇంజను, అడుగున తిరిగే బ్లేడు.

"ఆయన ప్రతి ఆదివారం సాయంత్రం తానే తోసేవారు బాబూ. ఆయన పోయాక రెండేళ్ళుగా ఎవరూ దాన్ని ముట్టలేదు" అన్నారు ఆవిడ. గుడి కోసమని చెప్పగానే అడిగిన ధరలో మరికొంత తగ్గించారు.

చూడండి, ఆవిడ ఉన్నది ఉన్నట్టు చెప్పారు. "రెండేళ్ళుగా ముట్టలేదు" అన్న మాటలోనే రావలసిన కష్టమంతా ఉంది. నేను ధర విన్నాను గాని ఆ మాట వినలేదు.

ట్యాంకులో అడుగున ముదురు రంగు పెట్రోలు కొంచెం ఉంది. చెడిన వార్నిషు వాసన వేసింది. దానిని తీసేసి, ప్లగ్గు శుభ్రం చేసి, చిన్న గ్లాసెడు కొత్త పెట్రోలు పోసి తాడు లాగితే ఏడో లాగుకు ఇంజను అందుకుంది. మూడు నిమిషాలు నడిచింది. నాకు అంతే చాలనిపించింది. మా ఊరి నుంచి కూరగాయలు తెచ్చి ఖాళీగా తిరిగిపోయే ట్రాలీలో దానిని పడుకోబెట్టి పంపాలి గనుక ట్యాంకు మళ్ళీ ఖాళీ చేశాను. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఈ మిషను ఎలా ఉంటుందో నేను ఒక్కసారి కూడా చూడలేదు. అసలు తప్పు అక్కడ జరిగింది.

శనివారం నాంపల్లి స్టేషనులో రైలెక్కి ఊరు చేరాను. ట్యాంకు నింపి యువకులకు అప్పగించాను. చీకటి పడేలోగా ఆవరణలో సగం గడ్డి కోశారు. అందరూ సంతోషించారు. తర్వాత దానిని గుడి పక్క గదిలో పెట్టి తలుపు వేశారు. ఆ గదిలో చాపలు, మైకు సామాను, పాత పాటల పుస్తకాలు ఉంటాయి. కిటికీ మూసే ఉంటుంది. మిషనుకు పెట్రోలు కుళాయి ఒకటి ఉందనీ, పని అయ్యాక దానిని కట్టేయాలనీ నేను పిల్లలకు చెప్పలేదు.

రాత్రి ఎనిమిదింటికి కరెంటు పోయింది. గుడి చూసుకునే తాత చాప తెచ్చుకుందామని కొవ్వొత్తి వెలిగించుకొని ఆ గది తలుపు తీశాడు. గుప్పున వాసన కొట్టింది. ఆయన లోపలికి అడుగు పెట్టలేదు. వెనక్కు నడిచి, వేపచెట్టు అవతల కొవ్వొత్తి ఆర్పి, అప్పుడు నాకు ఫోను చేశాడు. "బిడ్డా, నీ మిషిను పెట్రోలు కక్కింది. ముందుగాల దీపం ఆర్పిన, తర్వాత నీకు ఫోన్ చేసిన" అన్నాడు.

ఆ క్రమం గుర్తుపెట్టుకోండి. ముందు దీపం ఆర్పాలి, ఆ తర్వాతే మిగిలినవన్నీ.

పెట్రోలు ద్రవంగా ఉండి మండదు, దాని ఆవిరి మండుతుంది. సున్నాకు 40 డిగ్రీలు కింద ఉన్న చలిలో కూడా అంటుకోవడానికి సరిపడా ఆవిరి దానినుంచి లేస్తుంది. ఇక మన ఎండల్లో చెప్పాలా? ఆ ఆవిరి గాలికంటే బరువైనది. పైకి పోకుండా నేల మీద నీళ్ళలా పరుచుకొని, మూసిన గదిలో మూలమూలలా నిలుస్తుంది. దూరంగా ఉన్న పొయ్యి మంటను కూడా పాకి అందుకోగలదు. తాత ఇంకో రెండడుగులు వేసి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోలేను.

నేను పరుగెత్తుకు వెళ్ళేసరికి తలుపు తెరిచే ఉంది. బయటినుంచి కిటికీ తోసి, అరగంట గాలి ఆడనిచ్చాం. మధ్యలో కరెంటు వచ్చింది. అయినా ఎవరినీ స్విచ్చు ముట్టుకోనివ్వలేదు, స్విచ్చులో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. వాసన తగ్గాక ఇద్దరం మిషనును ఆరుబయటికి లాగాం. తడిసిన నేల మీద పొడి ఇసుక చల్లి, అది పీల్చుకున్నాక ఎత్తి, ఇళ్ళకు దూరంగా ఖాళీ చోట పరిచాం. నీళ్ళు పోసి కడగలేదు. పెట్రోలు నీటి మీద తేలి ఇంకా దూరం పోతుంది. పెట్రోలు మంట మీద నీళ్ళు కొట్టకూడదనేది కూడా అందుకే. ఇసుక గాని, పొడి మన్ను గాని పనికి వస్తుంది.

మొదటి మరమ్మత్తు, నా తొందర

ఆదివారం ఆరాధన తర్వాత మరమ్మత్తుకు కూర్చున్నాను. ట్యాంకు నుంచి కార్బురేటరుకు వెళ్ళే రబ్బరు పైపు చివర పగిలి ఉంది. వంచితే నెర్రెలు కనిపించాయి. దొంగ దొరికాడనుకున్నాను. ఊళ్ళో బండ్లు బాగుచేసే కుర్రవాడి దగ్గర కొత్త పైపు కోయించి, క్లిప్పులు వేసి బిగించాను. పది నిమిషాలు చూశాను, చుక్క కారలేదు. స్త్రీల సమాజం వారి ఎదుట "బాగైపోయింది" అని చెప్పి సాయంత్రం రైలెక్కాను.

బుధవారం తాత ఫోను. "బిడ్డా, మళ్ళా కారుతుంది. పోరగాళ్ళు అన్నం తినేటందుకు పోయిండ్రు. గంటల అట్టముక్క తడిసింది." ఈసారి ఆయన మిషనును రేకుల పంచలో పెట్టించి, కింద అట్ట పరిచాడు. కుళాయి కట్టేసి చూడమన్నాను. కట్టేస్తే చుక్క లేదు, విప్పితే కాసేపటికి మళ్ళీ మొదలు. అంటే కారేది కుళాయి తర్వాతే. పైపు కొత్తది, కాబట్టి మిగిలింది కార్బురేటరు. నేను నేర్చుకున్నది ఏమిటంటే, ఒక కారణం దొరికిందని వెతకడం ఆపకూడదు. రెండేళ్ళు మూలనపడ్డ మిషనులో చెడేది ఒక్క చోటే కాదు.

పెట్రోలు నడిచే దారి

ఈ చిన్న ఇంజన్లలో చాలావాటికి పెట్రోలు తన బరువుతో తానే కిందికి దిగుతుంది. ముందు ట్యాంకు, దాని అడుగున చిన్న జాలీ, తర్వాత కుళాయి, రబ్బరు పైపు, చివరికి కార్బురేటరు. కార్బురేటరు అడుగున చిన్న గిన్నె ఉంటుంది. దానిని మెకానిక్కులు బౌలు అంటారు. అందులో తేలే బెండు ఫ్లోటు. ఫ్లోటు మీద ఒక చిన్న సూది ఉంటుంది. మీ మిద్దె మీది నీళ్ళ ట్యాంకులో బంతి వాల్వు చూశారు కదా? నీళ్ళు నిండేకొద్దీ బంతి పైకి లేచి నీటిని ఆపుతుంది. ఇక్కడా అదే పని. గిన్నె నిండితే ఫ్లోటు లేచి, సూది రంధ్రాన్ని మూస్తుంది. సూది మొనకు చెత్త అంటినా, మొన అరిగి గీత పడినా, ఫ్లోటుకు చిల్లుపడి అందులోకి పెట్రోలు ఎక్కినా రంధ్రం మూతపడదు. గిన్నె పొంగి బయటికి కారుతుంది. "బండి ఓవర్‌ఫ్లో అవుతోంది" అని మెకానిక్కు అనేది దీనినే. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త బండ్లలో చాలావాటికి కార్బురేటరు లేదు గాని, మన ఊళ్ళలో తిరిగే పాత బండ్లకు ఇంకా ఉంది.

ఎక్కడ కారుతుందో కనిపెట్టడం

మిషనును నీడగా ఉన్న ఆరుబయట, సమంగా ఉన్న నేల మీద నిలపండి. ఇంజను పూర్తిగా చల్లారాలి. దగ్గర బీడీ, పొయ్యి, అగరుబత్తి ఏదీ ఉండకూడదు. ఒక బకెట్టు ఇసుక పక్కన పెట్టుకోండి. ప్లగ్గు మీది తొడుగు పీకి పక్కకు కట్టండి. అది ఉండగా బ్లేడును చేతితో తిప్పినా ఇంజను ఒక్కసారి అందుకొని వేళ్ళు తీసేయగలదు.

ఇప్పుడు తడి అంతా గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. ఆరాక అతుకుల మీద, పైపు చివర్ల మీద, గిన్నె అంచు మీద ముగ్గుపిండి పలుచగా అద్దండి. గాలి పీల్చే వైపుకు పోనివ్వకండి. కింద పాత పేపరు పరిచి, కుళాయి విప్పి, కనీసం ఒక గంట ఓపిక పట్టండి. మొదట ఎక్కడ పిండి తడిసి రంగు మారిందో కారేది అక్కడే. పెట్రోలు ఒకచోట పుట్టి పాకి ఇంకోచోట చుక్కవుతుంది గనుక, చుక్క పడేచోటు చూసి మోసపోవద్దు.

1. కుళాయి కట్టినా కారుతుంటే: ట్యాంకు, దాని మూత, లేక కుళాయి వాషరు.

2. మిషను వంచినప్పుడే కారుతుంటే: మూత రబ్బరు కావచ్చు. అయితే కార్బురేటరు కిందికి వచ్చేలా వంచితే మంచి మిషను కూడా కారుతుంది. బ్లేడు శుభ్రం చేయడానికి వంచవలసివస్తే కుళాయి కట్టి, గాలి ఫిల్టరు, కార్బురేటరు ఉన్న వైపు పైకి ఉండేలా వంచాలి.

3. పైపు చివర్ల దగ్గర తడిస్తే: పైపు లేక క్లిప్పు.

4. గిన్నె అంచు చుట్టూ చెమరిస్తే: అక్కడి రబ్బరు రింగు.

5. కార్బురేటరు సన్న గొట్టం నుంచి గాని, గాలి పీల్చే నోటి నుంచి గాని కారితే: ఫ్లోటు, లేక సూది.

పైపు మార్చేటప్పుడు

పాత ముక్కను వెంట తీసుకెళ్ళి అదే లావుది, పెట్రోలుకని చేసిన రబ్బరు పైపు కొనండి. మేస్త్రీలు మట్టం చూసే తెల్ల ప్లాస్టిక్ గొట్టం వేయవద్దు. మొదట చక్కగా సరిపోతుంది, కొన్నాళ్ళకు ఎండిన బెరడులా గట్టిపడి పగులుతుంది. చివరలు తిన్నగా కోసి, మూతి మీదికి పూర్తిగా తొడిగి, క్లిప్పు వేయండి. ఇనుప తీగ చుట్టి మెలిపెడితే రబ్బరు తెగుతుంది.

కార్బురేటరు విప్పేటప్పుడు

తర్వాతి శనివారం నేను చేసింది ఇది. రాణీగంజ్‌లో ఇంజన్ల విడిభాగాలు అమ్మే దుకాణాల్లో ఇంజను నంబరు చూపి సూది, గిన్నె రింగు కొన్నాను. రెండూ కలిపి నేను భయపడ్డంత ఖర్చు కాలేదు.

కుళాయి కట్టి, గిన్నె కింద రేకు డబ్బా పెట్టి, అడుగు బోల్టు విప్పాను. చాలా ఇంజన్లకు 10 నంబరు స్పానరు సరిపోతుంది. గిన్నెలోని పెట్రోలు డబ్బాలో పడింది. అడుగున పసుపుపచ్చ జిగురు పొరకట్టి ఉంది. పెట్రోలు ఏళ్ళ తరబడి నిలువ ఉంటే తేలిక భాగం ఆవిరైపోయి మిగిలేది ఈ జిగురే. ఫ్లోటు ఒక సన్నటి చీల మీద ఆడుతుంది. చీల పక్కకు తోస్తే ఫ్లోటు, దానితో సూది కలిసి వస్తాయి. కింద గుడ్డ పరుచుకోండి, ఈ సూది వడ్లగింజ అంత ఉంటుంది, గడ్డిలో పడితే దొరకదు.

ఫ్లోటును చెవి దగ్గర ఊపి చూడండి. లోపల గలగలమంటే చిల్లుపడినట్టే, మార్చాలి. సూది మొనను వెలుతురులో చూడండి. చుట్టూ గాడి పడి ఉంటే అది పనికిరాదు. మా సూది మొనకు గాడి కూడా ఉంది, జిగురు కూడా అంటింది. ఆ జిగురు ఒకసారి పట్టి, ఒకసారి వదలడం వల్లనే ఆదివారం పది నిమిషాల పరీక్షలో అది నన్ను మోసగించింది. సూది కూర్చునే రంధ్రాన్ని పుల్లకు చుట్టిన మెత్తటి గుడ్డతో తుడవండి. ఇనుప తీగ పెట్టి గోకితే గీత పడి ఇక ఎన్నటికీ మూతపడదు. కొత్త రింగు మెలిపడకుండా గాడిలో కూర్చోబెట్టి బోల్టు బిగించండి. బలం చూపించవద్దు. అది మెత్తటి లోహం, మరలు పోతాయి.

ఇంకొక ముఖ్యమైన పని ఉంది. చాలామంది దీనిని మరచిపోతారు. ఇంజను ఆయిలు పుల్ల తీసి చూడండి. గుర్తు కంటే ఆయిలు పెరిగి ఉన్నా, వాసన చూస్తే పెట్రోలు వాసన వేసినా తాడు లాగకండి. పొంగిన పెట్రోలు బయటికే కాదు, లోపల సిలిండరులోకి, అక్కడినుంచి ఆయిలులోకి దిగుతుంది. పలుచబడిన ఆయిలుతో నడిపితే ఇంజను లోపల అరిగిపోతుంది. మా మిషనులో ఆయిలు గుర్తుకు వేలెడు పైన ఉంది! అంతా దించి కొత్త ఆయిలు పోశాను. ఆ రెండు రోజుల్లో పిల్లలు ఎక్కువసేపు నడపకపోవడం మా అదృష్టం.

అంతా బిగించి, ట్యాంకు నింపి, కుళాయి విప్పి పేపరు పరిచాం. ఈసారి పది నిమిషాలు కాదు, మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేదాకా. పేపరు పొడిగా ఉంది. తాత దానిని ఎత్తి, రెండువైపులా చూసి, ముక్కు దగ్గర పెట్టుకొని, "ఇప్పుడు నమ్ముత" అన్నాడు.

ఈ పనులు మాత్రం వద్దు

మన ఊళ్ళలో అలవాటుగా చేసే కొన్ని పనులు ప్రాణం మీదికి తెస్తాయి.

ట్యాంకుకు చిల్లుపడితే వెల్డింగు షాపుకు తీసుకెళ్ళకండి. ఖాళీ ట్యాంకు కదా అనుకుంటారు. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం. అందులో ఆవిరి, గాలి కలిసి ఉంటాయి, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. చిన్న ట్యాంకు మార్చుకోవడమే మేలు.

చిల్లుకు బట్టల సబ్బు అద్దడం అందరికీ తెలిసిన చిట్కా. దారిలో ఆగిపోయినప్పుడు ఇల్లు చేరడానికి పనికివస్తుందేమో గాని అది మరమ్మత్తు కాదు.

పైపు నోట్లో పెట్టుకొని పెట్రోలు పీల్చకండి. గొంతులోకి పోయిన గుక్కెడు పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి జారితే మనిషిని ఆసుపత్రి పాలు చేస్తుంది. ఎవరైనా మింగితే వేలు పెట్టి కక్కించవద్దు. కక్కేటప్పుడే అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

పెట్రోలును నీళ్ళ సీసాలో పోసి ఇంట్లో ఉంచకండి. పిల్లలు నీళ్ళనుకొని తాగిన సంగతులు మీరూ వినే ఉంటారు. బిగుతు మూత ఉన్న, పెట్రోలుకని చేసిన డబ్బాలో, పిల్లలకు అందని చోట, వంటింటికి దూరంగా ఉంచాలి.

ఇప్పటి పెట్రోలు గురించి ఒక మాట

మన దేశంలో పెట్రోలులో ఇథనాలు కలుపుతున్నారు. చెరకు, ధాన్యాల నుంచి తీసే సారం అది. 2022లో సగటున 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. దానికి తగినట్టు చేయని పాత రబ్బరు పైపులు, రింగులు దీనికి ఉబ్బడమో, గట్టిపడి పగలడమో జరగవచ్చు. కాబట్టి పాత మిషను కొన్నవారు రబ్బరు పైపు బాగున్నట్టు కనిపించినా మార్చుకోవడం మంచిది. పని లేని నెలల్లో ట్యాంకులో పెట్రోలు ఉంచకండి. ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతట అది ఆగేదాకా నడపండి. అప్పుడు గిన్నెలో కూడా పెట్రోలు మిగలదు, జిగురు పట్టదు.

పాతది కొనేటప్పుడు

ఎంతకాలం మూలన ఉందో అడగండి. చెప్పింది వినండి. ట్యాంకు నిండా కొత్త పెట్రోలు పోయించి, కుళాయి విప్పి, కింద పేపరు పరిచి, గంటసేపు కూర్చోండి. అమ్మేవారు టీ ఇస్తే తాగండి. ఆయిలు పుల్ల తీసి వాసన చూడండి. పైపును వేళ్ళతో వంచి చూడండి. ఇంజను అందుకుందా లేదా అన్నది చివరగా చూడవలసిన సంగతి. నేను దానినే మొదట చూసి, దానితోనే ఆగిపోయాను.

ఈ గడ్డి మిషను పుట్టుక కూడా చిత్రమైనదే. 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఉన్ని బట్టల మిల్లులో బట్ట మీద లేచిన నూగును సమంగా కత్తిరించే యంత్రాన్ని చూసి, గడ్డిని కూడా ఇలాగే కోయవచ్చునని ఆయనకు తోచింది. ఆయన మిషనును మనిషి తోయవలసిందే. అందులో పెట్రోలు లేదు, కారడమూ లేదు. తర్వాత వచ్చిన ఇంజను మన చేతుల శ్రమ తగ్గించింది, దానితోపాటు ఒక జాగ్రత్తను మన మీద పెట్టింది.

చివరగా చెప్పవలసింది స్త్రీల సమాజం సంగతి. రెండోసారి బాగుచేశాక నేను వారి దగ్గరకు వెళ్ళి జరిగిందంతా చెప్పాను. కొనేటప్పుడు సరిగా చూడలేదనీ, మొదటిసారి "బాగైపోయింది" అన్నది తొందరపాటనీ, సూది, రింగు, ఆయిలు ఖర్చు నాదేననీ చెప్పాను. వారిలో పెద్దమ్మ ఒకామె కొంచెంసేపు ఊరుకొని, "పైసలు గట్లనే ఉండనియ్ బిడ్డా. ఆ కుళాయి ఎట్ల కట్టాలో మా ఆడోళ్ళకు, పోరగాళ్ళకు అందరికీ చూపిచ్చి పో" అన్నది. నేను ఎప్పుడో చేయవలసిన పని ఆమె గుర్తుచేసింది. ఆ సాయంత్రం ఇరవై మంది దాకా వేపచెట్టు కింద చేరారు. ఒక్కొక్కరు వచ్చి కుళాయి కట్టారు, విప్పారు, మళ్ళీ కట్టారు.

ఇప్పుడు మిషను పక్క గదిలో ఉండదు. నాలుగువైపులా గాలి ఆడే రేకుల పంచలో ఉంటుంది, కింద ఎప్పుడూ ఒక పేపరు పరిచి ఉంటుంది. తాత రోజూ పొద్దున దానిని చూసి, పొడిగా ఉంటే తిరిగి అక్కడే పరుస్తాడు. గడ్డి కోసేముందు పిల్లలు నేల మీది రాళ్ళు ఏరతారు, బ్లేడుకు తగిలిన రాయి తూటాలా పోతుంది గనుక. కోస్తున్నంతసేపు చిన్నపిల్లలు గుడి అరుగు దిగరు. సమాధుల తోటలో గడ్డి ఇప్పుడు చీలమండ దాటడం లేదు.

మీ ఇంట్లో పెట్రోలు సామాను ఏదైనా ఉంటే ఈ రాత్రి దాని కింద ఒక పేపరు పరిచి, రేపు పొద్దున చూడండి. తడి కనిపిస్తే పైన చెప్పిన వరుసలో వెతకండి, ఒకటి దొరికిందని ఆగకండి. ముందు దీపం ఆర్పడం మాత్రం మరచిపోకండి.

వచ్చే నెల తప్పకుండా వానకు ఉబ్బిన తలుపుల సంగతి.